పద్నాలుగు కడుగులు

సంచి అడుగున ముందు బరువైనవి పెట్టాలి. రెండు పానాలు, ఒక పైపు రెంచి, గుడ్డలో చుట్టిన స్క్రూడ్రైవర్లు పెట్టింది. వాటి మీద పాత తువ్వాలు పరిచింది. తువ్వాలు మీద రెండు ప్యాంట్లు, నాలుగు చొక్కాలు, లోపలి బట్టలు. పక్క జేబులో సబ్బు, బ్రష్షు, కడుపునొప్పి మాత్రలు, తలనొప్పి మాత్రలు, దేనికో గుర్తులేని తెల్ల మాత్రలు నాలుగు. ఒక్కొక్కటీ పెడుతున్నప్పుడు ఆమె పెదవులు కదిలాయి. ఇరవై ఆరేళ్లుగా ఆమెది లెక్కపెట్టే పని. ఇంట్లో కూడా ఆ అలవాటు పోదు. మెట్లెక్కుతూ మెట్లు లెక్కపెడుతుంది, గుడ్డలు పిండుతూ గుడ్డలు లెక్కపెడుతుంది. తన గురకలు కూడా లెక్కపెడుతుందని భర్త నలుగురిలో చెప్పి నవ్విస్తుంటాడు. అది నిజమే. గురక ఆగితే ఆమె లేచి కూర్చుంటుంది.

ఆయన కిటికీ ఊచకు అద్దం తగిలించి గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో వెనక్కి తిరిగాడు.

"చొక్కాలెన్ని పెట్టావు?"

"నాలుగు."

"పది రోజులకి నాలుగేనా?"

"ఉతుక్కోండి. చేతులున్నాయిగా."

"అక్కడివి ఉప్పునీళ్లే. ఉతికి ఆరేస్తే చొక్కా అట్టలాగా బిగుసుకుపోతుంది. నేను దాన్ని తొడుక్కోవడం కాదు, అదే నన్ను తొడుక్కుని ఊరేగుతుంది."

"మీరు వెళ్లేదే ఆ ఉప్పు తియ్యడానికి కదా. తీసిన నీళ్లతో ఉతుక్కోండి."

"మొదటి బిందె నా చొక్కాలకే అంటే ఆ దీవి వాళ్లు ఉన్న చొక్కా కూడా విప్పించి పంపిస్తారే."

ఆమె ఇంకో చొక్కా తెచ్చి సంచిలో దూర్చింది. జిప్పు పట్టలేదు. మోకాలు ఆనించి లాగింది.

ఆయన ఫిట్టరు. ఆమెది పూత పని. ఇద్దరిదీ ఒకే కంపెనీ. ఉప్పునీళ్లను తాగేనీళ్లుగా వడకట్టే పొరలు అక్కడ తయారవుతాయి. కాగితం కన్నా పల్చని ఆ పొరలకు ఆమె పూత వేస్తుంది. పూత వేసిన పొరలను ఊరూరా తీసుకెళ్లి, యంత్రాల్లో బిగించి, నీళ్లు తిప్పి, రుచి చూపించి, సంతకం పెట్టించుకుని వచ్చేది ఆయన. ఆయన వెళ్లిన ప్రతిసారీ ఈ సంచి ఆమే సర్దుతుంది. సర్దిన ప్రతిసారీ ఆమె గుండె పొయ్యి మీది గిన్నె మూతలాగా కొట్టుకుంటుంది. ఆమె తొమ్మిదో ఏట తండ్రి పనికోసమని వెళ్లి మళ్లీ కనపడలేదు. పెళ్లయిన ఏడాది తమ్ముడు వెళ్లాడు. అతను రెండేళ్లు ఉత్తరాలు రాశాడు, ఆ తర్వాత రాయలేదు. తండ్రి సంచీ తమ్ముడి సంచీ ఎవరు సర్దారో ఆమెకు తెలియదు. తను సర్దిన సంచులు మాత్రం ఇప్పటిదాకా అన్నీ ఇంటికి తిరిగొచ్చాయి. ఆ ధైర్యంతోనే సర్దుతుంది.

పిల్లలు లేరు. ఆ సంగతి చుట్టాలు మొదటి పదేళ్లు ఆమెను అడిగారు. తర్వాత పదేళ్లు తమలో తామే జవాబు చెప్పుకున్నారు. ఇప్పుడు ఎవరూ ఏమీ అనరు.

ఈసారి పొరలు వెళ్లేది దీవికి. రేవు నుంచి లాంచీలో గంటన్నర ప్రయాణం. అక్కడ ఎంత లోతు తవ్వినా ఉప్పునీరే. తాగేనీళ్లు వారానికి రెండుసార్లు పీపాల్లో పడవ మీద వెళ్తాయి. గాలి ఎక్కువైతే పడవ వెళ్లదు. అక్కడి మనుషులు మొహం కడిగిన నీళ్లతోనే కాళ్లు కడుక్కుంటారని, ఆ నీళ్లే మళ్లీ గిన్నెలకు వాడుకుంటారని ఆయన చెప్పాడు.

"ఈ మాటు ఆరు గ్లాసులు తాగించరులే," అన్నాడు ఆయన నురగ తుడుచుకుంటూ.

వేళాకోళానికే అన్నాడు. ఆమె జిప్పు మీది చెయ్యి తియ్యలేదు.

మూడేళ్ల కిందటి మాట అది. ఒక ఊళ్లో ఆయన బిగించిన పొరలకు పదకొండో రోజుకే పూత ఊడిపోయింది. నీళ్లు మళ్లీ ఉప్పగా వచ్చాయి. కబురొస్తే ఆయన వెళ్లాడు. అక్కడ ఒక ముసలాయన కుళాయి కింద గ్లాసు పట్టి, "నువ్వు తాగి చూపించు" అన్నాడు. ఆయన తాగాడు. "ఇంకోటి" అన్నాడు ముసలాయన. జనం చుట్టూ మూగి, నిలబెట్టి ఆరు గ్లాసులు తాగించారు. ఇంటికొచ్చి రెండు రోజులు వాంతులు చేసుకున్నాడు. పూత ఎలా వేశావని ఆమెను ఒక్కమాట అడగలేదు. అడిగి ఉంటే ఆమె చెప్పేది. ఆ ఏడాదే పూతకూ పూతకూ మధ్య కడుగును నాలుగు నిమిషాల నుంచి రెండు నిమిషాలకు తగ్గించారు. ఆమె తలూపి తగ్గించింది. ఆయన అడగలేదు గనక ఆమె చెప్పలేదు. అది ఇంట్లో మూడో మనిషిలాగా మిగిలిపోయింది.

ఇద్దరూ నడిచే పనికి వెళ్లారు. ఆయన ఎప్పటిలాగే రెండడుగులు ముందు, భుజాన సంచి. దారి పొడవునా ఫ్యాక్టరీల గోడలు, గోడల మీద గాజుపెంకులు. గేటు దగ్గర హాజరు యంత్రం ఉంది. అందరూ బొటనవేలు దాని మీద పెడితే పచ్చ దీపం వెలుగుతుంది. ఆమె పెడితే ఎర్ర దీపం వెలుగుతుంది. ఏళ్ల తరబడి మందునీళ్లలో నాని ఆమె వేళ్ల గీతలు అరిగిపోయాయి.

"నువ్వింకా పుట్టలేదంటోందమ్మా మిషను," అన్నాడు వాచ్‌మన్, రోజూ అనేదే. తన పుస్తకంలో పెన్నుతో రాసుకున్నాడు.

"పోనీలే బాబూ, పుట్టనివాళ్లకి చావు కూడా ఉండదు," అంది ఆమె, రోజూ చెప్పేదే.

ఆయన సామాను గది వైపు వెళ్లాడు. ఆమె పూత గదిలోకి వెళ్లి రబ్బరు ముందుగుడ్డ కట్టుకుంది.

గదిలో పొడుగాటి బల్ల. బల్ల మీద వరసగా నాలుగు తొట్లు. మొదటిది ప్లస్సు తొట్టి, మూడోది మైనస్సు తొట్టి. రెండిట్లోనూ ఉన్నవి చూడ్డానికి నీళ్లే. రంగు లేదు. వాసన కూడా లేనట్టే. వేలు పెడితే కొంచెం జిగురు తగులుతుంది. రెండోదీ నాలుగోదీ మంచినీళ్ల తొట్లు, కడుగు కోసం. పొరను చట్రానికి బిగించి ప్లస్సులో అయిదు నిమిషాలు ముంచుతారు. తీసి కడుగుతారు. మైనస్సులో అయిదు నిమిషాలు ముంచుతారు. తీసి కడుగుతారు. ప్లస్సు మీద మైనస్సు తనంతట తనే అతుక్కుంటుంది. మైనస్సు మీద మళ్లీ ప్లస్సు. వెంట్రుకను పదివేల పాయలు చీలిస్తే అందులో ఒక పాయంత మందం ఒక్కో పూత. అలా పద్నాలుగు పూతలు, పద్నాలుగు కడుగులు. చివరిది మైనస్సుతోనే ముగియాలి. నీళ్లలోని మురికి చాలామటుకు మైనస్సే కనక మైనస్సును చూసి దూరం జరుగుతుంది.

పూతలో అందరికీ కనపడేది ముంచడమే. కానీ పనంతా కడుగులోనే ఉంది. మొదటి తొట్టిలోంచి తీసిన పొర మీద అతుక్కున్నదీ ఉంటుంది, ఊరికే వేలాడేదీ ఉంటుంది. వేలాడేదాన్ని కడిగి పారెయ్యకుండా రెండో మందులో ముంచితే, అక్కడ రెండూ కలిసి పాలు విరిగినట్టు తెల్లటి తరకలు కడతాయి. ఆ తరకలు పొర మీద కూర్చుంటాయి. పైకి పూతలాగే కనిపిస్తాయి. ఉప్పునీళ్లు తగిలిన పదోరోజుకు ఉబ్బి, తమతోపాటు మంచి పూతను కూడా లేపుకుపోతాయి.

ఈ గదిలో ఆమెను కడుగులమ్మ అంటారు. పేరు పెట్టింది పక్క తొట్టి దగ్గర పనిచేసే లావుపాటి ఆవిడ. ఆవిడ పేరు రేడియో. ఆ పేరు అందరూ కలిసి పెట్టారు.

"వదినా, అన్నయ్య ప్రయాణం ఇవాళేగా," అంది రేడియో చట్రం బిగిస్తూ. "పది రోజులు ఇల్లు ప్రశాంతం. నా మొగుణ్ణి కూడా ఏదైనా దీవికి పంపించే ఉద్యోగం చూడకూడదూ?"

"మీ ఆయన టైలరు కదా. దీవికి ఎందుకు?"

"సముద్రానికి అంచులు కుట్టమను. అసలు మొగుడూ పెళ్లాలంటే ప్లస్సూ మైనస్సూ వదినా. మధ్యలో అప్పుడప్పుడూ ఎవరికి వాళ్లం కడుక్కోకపోతే తరకలు కట్టిపోతాం."

ఆమె నవ్వింది. అయితే చూపు గోడకు ఆరేసిన పట్టీ మీద ఉంది. ప్రతి విడతలోనూ ఒక చిన్న పట్టీని పొరలతోపాటే ముంచుతారు. మర్నాడు దాని మీద నీలం రంగు చుక్క వేసి కడుగుతారు. పై పూత సవ్యంగా పడితే నీలం అంతటా ఒకేలా నిలుస్తుంది. ఆమె నిన్నటి పట్టీ మీద చుక్క వేసి కడిగింది. నీలం మచ్చలు మచ్చలుగా నిలిచింది, బొల్లి ఒళ్లులాగా. వేలితో రుద్దింది. మధ్యలో చిన్న పొట్టు లేచింది.

నిన్నటి విడతలో కడుగు నలభై సెకన్లు. నిన్న పొద్దున్నే వచ్చిన ఉత్తర్వు అది, రెండు నిమిషాల నుంచి నలభై సెకన్లకు. నిన్నటివి పెట్టెలకెక్కి వ్యానులో కూర్చున్నాయి. వాటికి ముందువి రెండు నిమిషాలవి, వాటి పట్టీల మీద నీలం నిలిచింది, పర్వాలేదు. ఇవాళ ఆఖరి పెట్టె. పన్నెండు చట్రాలు.

పట్టీ పట్టుకుని మేనేజరు గదికి వెళ్లింది. ఆయన మెడలో ఎప్పుడూ ఒక స్టాప్‌వాచీ వేలాడుతుంటుంది. వెనకాల అందరూ ఆయన్ని అదే పేరుతో పిలుస్తారు.

"సారూ, నీలం సరిగ్గా పట్టలేదు. చూడండి."

ఆయన పట్టీని వెలుతురుకెత్తి చూశాడు. "పట్టిందిగా."

"మచ్చలు మచ్చలుగా పట్టింది సారూ. ఇక్కడ పొట్టు లేస్తోంది. కడుగు చాలలేదు."

"అమ్మా, వాళ్లేమన్నా నీలం రంగు కలుపుకుని తాగుతారా? నీళ్లు పోతే చాలు. మూడు గంటల లాంచీకి పెట్టెలు ఎక్కాలి. దీవి వాళ్లు నాలుగు నెలల నుంచి నా ప్రాణం తోడేస్తున్నారు."

"నిన్నటివి కూడా మళ్లీ..."

"మళ్లీ లేదు, మొదలూ లేదు. నలభై సెకన్లు. అవతల ఇంకో నెలలో ముంచే మిషను వస్తోంది. దానికి నోరు ఉండదు." స్టాప్‌వాచీని బొటనవేలితో నొక్కి వదిలాడు, వదిలి మళ్లీ నొక్కాడు. ఆమె ఇంకా నిలబడే ఉంది. ఆయన ఫోను తీశాడు.

ప్లస్సు మందు కలపడం ఆలస్యమై, ఆఖరి విడత మొదలయ్యేసరికి పన్నెండుంపావు అయింది. పన్నెండు చట్రాలూ ఒకే కొయ్యకు తగిలించి ఆమె తొట్టిలోకి దించింది. అయిదు నిమిషాలు. తర్వాత కడుగు తొట్టి. నలభై సెకన్లు లెక్కపెట్టింది. నలభై ఒకటి అంది. నలభై రెండు అంది.

చేతులు కొయ్యను ఎత్తలేదు.

తీసేద్దామనే అనుకుంది. అప్పుడు కళ్ల ముందు గ్లాసులు కనపడ్డాయి. ఒకటి, రెండు, మూడు. ఈసారి జనం ఊరివాళ్లు కూడా కాదు, దీవి వాళ్లు. అక్కణ్ణుంచి పరిగెత్తి వచ్చెయ్యడానికి దారి కూడా ఉండదు, లాంచీ వచ్చినప్పుడే రావాలి. లెక్కపెడుతూ పోయింది. నాలుగు నిమిషాలు నిండాక కొయ్య ఎత్తింది. రెండు నిమిషాలు కూడా కాదు. నాలుగు. పాత నాలుగు.

మైనస్సు తొట్టి నీళ్లు తేటగా ఉన్నాయి. ఒక్క తరక కట్టలేదు.

ఒక కడుగుకు మూడు నిమిషాల ఇరవై సెకన్లు ఎక్కువ. పద్నాలుగు కడుగులకు నలభై ఆరు నిమిషాల నలభై సెకన్లు. ఈ లెక్క ఆమెకు కాగితం లేకుండానే వచ్చింది. వ్యాను రెండుంపావుకు బయల్దేరకపోతే మూడు గంటల లాంచీ అందదు. ఇది కూడా ఆమెకు తెలుసు. తర్వాతిది అయిదున్నరకు.

రేడియో గడియారం చూసింది. ఆమె మొహం చూసింది. గొంతు తగ్గించింది, ఆవిడ జీవితంలో అరుదుగా జరిగే పని అది.

"వదినా, ఎంతసేపు కడుగుతున్నావు?"

"నాలుగు."

"వాడు చంపేస్తాడు."

"చంపనీ."

"ఉద్యోగం తీసేస్తాడు."

"ఇంకో నెలలో మిషను ఎలాగూ తీసేస్తుందిగా."

 రేడియో తన చట్రాలు పక్కన పెట్టి, బక్కెట్టు తీసుకుని, కడుగు తొట్టిలో పాత నీళ్లు వంపి కొత్తవి నింపింది. ప్రతి రెండు కడుగులకూ అలా చేసింది. ఇద్దరూ భోజనానికి లేవలేదు.

ఒకటిన్నరకు ఆమె భర్త వచ్చాడు, భుజాన సంచితో.

"ఇంకా ఎన్ని?"

"ఏడు పూతలయ్యాయి. ఇంకా ఏడు."

ఆయన గడియారం వైపు చూశాడు. తొట్లలోకి చూశాడు. ఫిట్టరే అయినా ముప్పయ్యేళ్లుగా ఈ గదిలోకి వస్తూ పోతూ ఉన్నవాడు. కడుగు తొట్టి దగ్గర ఆమె పెదవులు నూట ఎనభై దాటడం చూశాడు. రెండు వందలు దాటడం చూశాడు.

"నాలుగు నిమిషాలా?"

"ఊఁ."

"లాంచీ అందదే."

"అయిదున్నరకి ఇంకోటి ఉందిగా. అందులో వెళ్లండి." తలెత్తకుండా అంది. తర్వాత తలెత్తి అంది. "అప్పుడు రెండు నిమిషాలు కడిగాను. మీకు చెప్పలేదు. ఆ ఊరి పొరలు. నేనే."

మూడేళ్లు లోపల దాచుకున్న మాట అది. వచ్చాక చిన్నదిగా ఉంది.

ఆయన సంచి కింద పెట్టాడు. "తెలుసు," అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"అప్పట్నుంచే. ఊడిన పొరని ఈ చేత్తో పట్టుకు చూశాను కదే. తరకలు కట్టినవి. నువ్వు తిండి మానేసి కూచున్నావు, ఇంకా నిన్నేం అడిగేది?"

ఆమెకు ఎంత లెక్కపెట్టిందో తప్పిపోయింది. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి. "ఎంత అన్నాను?" అని కంగారుగా రేడియోను అడిగింది.

"రెండు వందల పది," అంది రేడియో ముక్కు చీదుతూ. "అన్నయ్యా, ఆవిడ పని ఆవిణ్ణి చేసుకోనియ్. నీ సినిమా తర్వాత."

"నాదేం పోయింది," అన్నాడాయన. "మూడు గంటల లాంచీలో గొర్రెల్ని ఎక్కిస్తారు. అయిదున్నర దానికైతే కిటికీ పక్కన కూచోవచ్చు."

అక్కడే స్టూలు మీద కూర్చున్నాడు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. కాసేపటికి ఒంగి బల్ల కింద చూశాడు. కొయ్య ఎత్తిన ప్రతిసారీ బల్ల ఒక మూలకు ఒరుగుతోంది. జేబులోంచి పైపులకు వేసే రబ్బరు బిళ్ల ఒకటి తీసి, బల్ల మూల కాస్త లేపి, కాలు కింద దోపాడు. బల్లను ఊపి చూశాడు. కదలలేదు.

"ఇన్నేళ్లు ఈ ఊగే బల్ల మీదే చేశారా?" అన్నాడు.

"ఊగుతోందని మాకేం తెలుసు," అంది రేడియో. "మేమే ఊగుతున్నాం అనుకున్నాం."

రెండుంపావుకు మేనేజరు వచ్చాడు. అప్పటికి పదకొండో పూత నడుస్తోంది. గుమ్మంలోనే ఆగి స్టాప్‌వాచీ నొక్కాడు. కడుగు తొట్టి దగ్గర ఆమె లెక్కపెడుతుండగా ఆయన ముల్లు నాలుగు నిమిషాలు తిరిగింది.

"ఏంటిది?"

"కడుగు సారూ."

"నేనెంత చెప్పాను?"

"నలభై సెకన్లు చెప్పారు."

"మరి?"

ఆమె కొయ్య రెండు చివరలూ పట్టుకుని ఆయన వైపు చాపింది. చట్రాల నుంచి నీళ్లు కారి ఆయన బూట్ల ముందు పడ్డాయి. "మిగతావి మీరు ముంచండి సారూ. నాకు ఇట్లాగే చేతనవును."

మేనేజరు చేతులు వెనక్కి తీసుకున్నాడు. పన్నెండు చట్రాల కొయ్యను ఒరగకుండా దించడం ఆయనకు రాదు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు, ఆయనకు కూడా తెలుసు. ఫిట్టరు వైపు తిరిగాడు.

"నువ్వన్నా చెప్పవయ్యా నీ భార్యకి."

"ఇంట్లోనే నా మాట వినదు సారూ. ఇక్కడ మీ జీతం కింద ఉంది, మీరే చెప్పుకోండి."

"లాంచీ పోతే బాధ్యత నాది కాదు. రాసిస్తాను, ఆలస్యానికి కారణం ఈవిడ అని."

"రాయండి సారూ," అందామె. అప్పటికే మైనస్సులోకి దించి లెక్క మొదలుపెట్టింది. "ఒకటి, రెండు, మూడు..."

పద్నాలుగో కడుగు అయ్యేసరికి రెండు యాభై. చట్రాలను తడిగానే ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి, మూతులు అతికించి, పెట్టెలో పేర్చారు. ఆమె తప్ప ఇంకెవరూ ఆ పెట్టె ముట్టుకోలేదు. వ్యాను తలుపు దగ్గర ఆయనకు రొట్టె పొట్లం ఇచ్చింది. పొద్దున్నే ఇవ్వాల్సింది, తన భోజనం డబ్బాలోనే ఉండిపోయింది.

"నిన్నటి పెట్టె ఆఖర్న బిగించండి," అంది. "వీలైతే అసలు బిగించకండి. దానిమీద చిన్న గీత పెట్టాను."

"చూశాను."

"చలేస్తే తువ్వాలు అడుగున ఉంది. పానాల మీద."

"సరేనే."

"లాంచీలో అంచున కూచోకండి."

"నాకు యాభై ఎనిమిదేళ్లు," అన్నాడు ఆయన వ్యానెక్కుతూ. "ఇంకా నయం, పలకా బలపం పెట్టలేదు సంచిలో."

వ్యాను గేటు దాటి కుడివైపు తిరిగింది. ఆమె లోపలికి వచ్చింది. తొట్లు వంపి తోమింది. కడుగు తొట్టి అడుగున ఒక్క తరక కూడా లేదు. వీపు నొప్పి పుడుతోంది. మనసు మాత్రం తేలిగ్గా ఉంది. మూడేళ్ల తర్వాత మొదటిసారి అంత తేలిగ్గా ఉంది. ఇంటికెళ్తూ దారిలో ఫ్యాక్టరీ గోడలు లెక్కపెట్టడం మర్చిపోయింది. సాయంత్రం గాలి లేచింది. దండెం మీద ఆరేసిన ఆయన తువ్వాలు ఎగిరి పక్కింటి మేడ మీద పడింది. దాన్ని తెచ్చి మడతపెట్టింది.

మూడు గంటల లాంచీ నాలుగున్నరకు దీవి చేరింది. గొర్రెలు కూడా దిగాయి.

అయిదున్నర లాంచీ, ఏరు సముద్రంలో కలిసే మొగలో ఇసుకమేట మీద గాలికి అడ్డం తిరిగి పక్కకు పడింది. అందులో పంతొమ్మిది మంది. పదకొండు మంది ఒడ్డుకు చేరారు. ఆరుగురి శరీరాలు మర్నాడు దొరికాయి. ఇద్దరు దొరకలేదు.

నాలుగోరోజు పెట్టెలు కొన్ని ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఆఖరి పెట్టె అందులో ఉంది. ప్లాస్టిక్ సంచుల మూతులు ఊడలేదు. మేనేజరు పెట్టెలో పొరలతోపాటు పెట్టిన పట్టీ తెప్పించి నీలం చుక్క వేయించాడు. నీలం అంతటా ఒకేలా నిలిచింది. నాలుగు రోజులు సముద్రంలో కొట్టుకున్నా పూత చెక్కుచెదరలేదని పై ఆఫీసుకు రాశాడు. ఆ పన్నెండు చట్రాలనూ ఇంకో ఫిట్టరు తీసుకెళ్లి బిగించాడు. దీవి వాళ్లు ఆ నీళ్లే తాగుతున్నారు, బాగున్నాయంటున్నారు. పన్నెండు చట్రాల నీళ్లు ఎంతమందికి వస్తాయో ఆమె ఎవర్నీ అడగలేదు.

ఆలస్యానికి కారణం అని మేనేజరు ఏమీ రాయలేదు. ఉద్యోగం కూడా తియ్యలేదు. జాలిపడ్డాడని కొందరన్నారు. ముంచే మిషను రావడం ఇంకో ఏడాదికి వాయిదా పడిందని రేడియో చెప్పింది.

పదహారో రోజున ఆమె పనిలోకి వచ్చింది. గేటు దగ్గర యంత్రం ఎర్రగా వెలిగింది. వాచ్‌మన్ ఏమీ అనకుండా పుస్తకంలో రాసుకున్నాడు. ముందుగుడ్డ కట్టుకుని మొదటి కొయ్య ప్లస్సులోకి దించింది. తీసి, కడుగు తొట్టిలో పెట్టి, పెదవులు కదపకుండా లెక్కపెట్టింది. నలభై కాగానే ఎత్తేసింది.

రేడియో చూసింది. బక్కెట్టు మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేసింది.

మైనస్సు తొట్టిలో తరకలు తెల్లగా లేచాయి. ఆమె వాటిని చూస్తూ నిలబడింది. రెండో కడుగు నలభై. మూడో కడుగు నలభై. ఇప్పుడు ఆ గదిలోంచి పొరలు వేళకు బయల్దేరతాయి. ఏ వ్యానూ ఆమె కోసం ఆగదు.

తొట్ల బల్ల కదలడం లేదు. ఊడ్చేవాళ్లు చీపురుతో ఎన్నిసార్లు తోసినా కాలు కింద రబ్బరు బిళ్ల అలాగే ఉంది. దాన్ని అక్కడ దోపిన ఫిట్టరు ఆ నెల తొమ్మిదో తారీకు, మంగళవారం, సాయంత్రం అయిదున్నర లాంచీలో వెళ్లాడు. తిరిగి రాలేదు.